అమ్మ పెళ్ళి కాగితాల్లో కూతురి పేరు

భర్త పోయిన స్త్రీ నలభై దాటాక మళ్ళీ పెళ్ళి చేసుకుని, విదేశంలో ఉన్న భర్త దగ్గరికి వెళ్తానంటే గుంటూరులో ఆమెకి సలహాలకు కొదవ ఉండదు. అందులో అందరూ చెప్పేది ఒకటి ఉంది. "ముందు నువ్వు వెళ్ళి స్థిరపడవే. పిల్ల ఎటూ పెద్దదైంది, తర్వాత నిదానంగా పిలిపించుకోవచ్చు." మేనమామలు ఈ మాటే అంటారు, పక్కింటివాళ్ళు ఈ మాటే అంటారు, ఫీజు తీసుకున్న కన్సల్టెన్సీవాళ్ళూ ఇదే అంటారు. చాలామంది మంచి కోరే చెబుతారు. కానీ కెనడా పీఆర్ (అక్కడ శాశ్వతంగా ఉండే హక్కు) విషయంలో తల్లికీ బిడ్డకీ ఇంతకు మించి నష్టం చేసే సలహా ఇంకోటి లేదు. మా ఇంట్లో దీనిమీద నెలల తరబడి వాదన నడిచింది కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మా చెల్లెలిది బ్రాడీపేట. భర్త గుండెపోటుతో పోయేనాటికి దాని కూతురు ఇంకా హైస్కూల్లో ఉంది. ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పుకుంటూ, సాయంత్రాలు ట్యూషన్లు పెట్టుకుని పిల్లని చదివించుకుంది. పోయినేడు మాకు దూరపు బంధుత్వం ఉన్న ఒకాయనతో దాని పెళ్ళి జరిగింది. ఆయన భార్య కూడా జబ్బు చేసి పోయింది. ఎడ్మంటన్‌లో ఉంటారు, కెనడా సిటిజన్. పెళ్ళినాటికి మా పాపకి ఇరవై నిండి ఇరవై ఒకటి నడుస్తోంది, బీటెక్ చదువుతోంది.

ఈ ఇరవై ఒకటి అన్న అంకె దగ్గరే అసలు కథంతా ఉంది. భార్యగా పీఆర్‌కి దరఖాస్తు చేసే తల్లి తన బిడ్డని కూడా అదే ఫైల్లో డిపెండెంట్‌గా చూపించవచ్చు. అందుకు బిడ్డకి ఇరవై రెండేళ్ళు నిండి ఉండకూడదు, పెళ్ళి అయి ఉండకూడదు, పెళ్ళి లేకుండా ఎవరితోనైనా కలిసి కాపురం చేస్తూ కూడా ఉండకూడదు. ఇరవై రెండు దాటాక డిపెండెంట్‌గా పరిగణించేది ఒక్క సందర్భంలోనే: శారీరకంగానో మానసికంగానో ఉన్న స్థితి వల్ల తన కాళ్ళమీద తాను నిలబడలేక, ఇరవై రెండుకి ముందు నుంచీ తల్లిదండ్రుల మీదే ఆధారపడి ఉంటే. వయసు లెక్కేసేది వీసా చేతికొచ్చే రోజున కాదు. అన్ని కాగితాలతో నిండుగా ఉన్న దరఖాస్తు కెనడా ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి అందిన రోజున ఆ వయసు ఖాయమైపోతుంది. ఆ తర్వాత ఫైలు ఎంతకాలం నడిచినా, మధ్యలో ఇరవై రెండు దాటినా వయసు పేరు చెప్పి బిడ్డని తీసేయరు. పెళ్ళి షరతు మాత్రం పీఆర్ వచ్చేదాకా ఉంటుంది.

"నిండుగా" అన్నాను, అది చాలా ముఖ్యం. ఒక సంతకం తప్పిపోయినా, ఒక ఫారం జతచేయకపోయినా మొత్తం దరఖాస్తు వెనక్కి పంపేయవచ్చు. అలా వెనక్కి వచ్చిందంటే అది అందినట్టు లెక్క కాదు. సరిచేసి మళ్ళీ పంపేలోపు బిడ్డ పుట్టినరోజు దాటిపోతే ఇక చేసేదేం ఉండదు. అందుకే ఆఖరి వారందాకా ఆగకూడదు, వెనక్కి వస్తే మళ్ళీ పంపుకునే వ్యవధి ఉండేలా చూసుకోవాలి. ఇంకో సంగతి. బళ్ళో వేసేటప్పుడు వయసు కాస్త అటూఇటూగా రాయించడం మన దగ్గర చాలా ఇళ్ళల్లో జరిగిందే. అమ్మమ్మకి గుర్తున్న తిథి ఎప్పుడైనా కానీ, పాస్‌పోర్టు మీద ఉన్న తేదీతోనే ఇరవై రెండు లెక్క కడతారు.

విజయవాడలో ఒక కన్సల్టెన్సీకి వెళ్ళాం. ఆయన పాప జాతకమంతా విని, "ఎదిగిన డిపెండెంట్‌ని పెడితే ఫైలు స్లో అవుతుంది మేడమ్. స్పౌజ్ ఒక్కరిదే అయితే క్లీన్‌గా వెళ్ళిపోతుంది. పిల్లలు ఉన్నారా అన్నచోట ఏమీ రాయకండి. మీరు ల్యాండ్ అయ్యాక పాపని స్పాన్సర్ చేసుకోవచ్చు" అన్నాడు. చాలా మర్యాదగా, టీ తెప్పించి మరీ చెప్పాడు. ఆ సలహా ప్రకారం నడుచుకుంటే ఏమవుతుందో కెనడా ఇమ్మిగ్రేషన్ నిబంధనల్లో 117వ సెక్షన్, తొమ్మిదో ఉపవిభాగం, డి క్లాజు చెబుతుంది. తల్లి పీఆర్ తీసుకునేటప్పుడు తనకు బిడ్డ ఉన్నట్టు చెప్పకపోతే, లేదా ఆ బిడ్డకి మెడికల్ వగైరా పరీక్షలు జరగకుండా పోతే, ఆ బిడ్డని ఆ తర్వాత కుటుంబ సభ్యురాలిగా స్పాన్సర్ చేసే హక్కు పోతుంది. దీన్నే 2005లో అక్కడి ఫెడరల్ అప్పీల్ కోర్టు సమర్థించింది. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒక తల్లి కేసు అది. 1993లో వచ్చేటప్పుడు తనతో ఉన్న కూతురి పేరు చెప్పి, తండ్రి దగ్గర ఉన్న ఇద్దరు కొడుకుల పేర్లు చెప్పలేదు. ఏళ్ళ తర్వాత వాళ్ళని పిలిపించుకోబోతే కుదరదన్నారు. రాజ్యాంగ హక్కుల పేరుతో కోర్టుకి వెళ్ళినా ఆమె ఓడిపోయింది.

మానవతా కారణాలు చూపించి మినహాయింపు అడిగే దారులు లేకపోలేదు. అవన్నీ అధికారి దయ మీద ఆధారపడిన దారులు. పైగా ఉన్న బిడ్డని లేదని రాస్తే అది తప్పుడు సమాచారం కిందికొస్తుంది. అది రుజువైతే అయిదేళ్ళు కెనడా గుమ్మం తొక్కనివ్వరు. సంతకం పెట్టింది మా చెల్లెలు కాబట్టి శిక్ష దానికే. ఆ కన్సల్టెన్సీ ఆయన పేరు ఫైల్లో ఎక్కడా కనపడదు. డబ్బు తీసుకుని ఇలాంటి ఫైళ్ళు చూసే హక్కు కెనడాలో లైసెన్స్ ఉన్న లాయర్లకీ, పారాలీగల్స్‌కీ, అక్కడి ఇమ్మిగ్రేషన్ కన్సల్టెంట్ల కాలేజీ అనే నియంత్రణ సంస్థలో నమోదైనవాళ్ళకీ, క్యూబెక్ నోటరీలకీ మాత్రమే ఉంది. అలాంటివాళ్ళు తమ పేరు, సభ్యత్వ నంబరు ఒక ప్రత్యేక ఫారంలో రాసి మరీ ఇస్తారు. మీ ఫైలు చూస్తున్న మనిషిని ఆ ఫారం మీద పేరు రాయమని అడగండి. రాయనన్నాడంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

సరే, నిజాయితీగా పేరు రాసి, "ఇప్పుడు రావట్లేదు" అని టిక్ పెడితే? చిన్నపిల్లల విషయంలో అది పనికొచ్చే దారే. పేరు రాసి, మెడికల్ చేయించి ఉంచితే తర్వాత స్పాన్సర్ చేసే హక్కు మిగులుతుంది. ఇరవై ఒక్కేళ్ళ పిల్లకి మాత్రం ఆ "తర్వాత" ఉండదు. తల్లి పీఆర్ అయ్యి, కొత్తగా దరఖాస్తు వేసే రోజున బిడ్డ వయసు మళ్ళీ మొదటి నుంచి చూస్తారు. ఆ రోజుకి పాపకి ఇరవై మూడు వచ్చేస్తాయి. హక్కు ఉంటుంది కానీ దాన్ని వాడుకునే వయసు ఉండదు. నిదానంగా పిలిపించుకోవచ్చు అనేవాళ్ళు ఇది ఒక్కసారి లెక్క వేసి చూడాలి.

ఇంతకీ ఎదిగిన పిల్ల పేరు రాయడానికి మనవాళ్ళకి చేతులెందుకు రావు? కన్సల్టెన్సీ వాళ్ళని తిట్టి ఊరుకుంటే సరిపోదు. అసలు కారణం మన ఇళ్ళలోనే ఉంది. "ఎదిగిన కూతుర్ని పెట్టుకుని తల్లికి పెళ్ళేమిటి" అన్న మాటకి భయపడి పిల్లని కనపడకుండా చేస్తున్నాం. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. బాలవితంతువుకి పెళ్ళి చేస్తే మన సమాజం ఎలాగో సర్దుకుంది. కూతురికి సంబంధాలు చూసే వయసొచ్చిన తల్లి పెళ్ళి మాత్రం ఇప్పటికీ తలుపులు మూసి చేసుకోవాల్సిన పనిలా ఉంది.

మా చెల్లెలి పెళ్ళి ఫొటోలు దివాను మీద పరిచి, ఫైల్లోకి పనికొచ్చేవి ఏరుతున్నప్పుడు ఇది నాకు కళ్ళకి కట్టింది. దండలు మార్చుకుంటున్న ఫొటో ఉంది, రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు పెడుతున్నది ఉంది, మా అన్నయ్య, వదిన, ఆయన తమ్ముడు, పంతులుగారు, భోజనాల బల్ల అన్నీ ఉన్నాయి. పాప ఒక్కదాంట్లో కూడా లేదు. ఆ రోజు ఊళ్ళోనే ఉంది, ఉదయం నుంచి వడ్డనల దగ్గర తిరుగుతూనే ఉంది. ఫొటోగ్రాఫర్ పిలిచిన ప్రతిసారీ ఎవరో ఒక పెద్దావిడ, "నువ్వుండమ్మా, బాగోదు" అని పక్కకి జరిపింది. ఒక ఫొటోలో వెనక కిటికీ దగ్గర దాని ఆకుపచ్చ చున్నీ చివర మాత్రం కనిపిస్తోంది.

ఇప్పుడు ఆ ఫైలు చూసే అధికారి వైపు నుంచి ఆలోచించండి. పెళ్ళి నిజమైనదా, ఇమ్మిగ్రేషన్ కోసం కుదుర్చుకున్నదా అని తేల్చుకోవడం ఆయన పని. నిజమైనది కాదనిపిస్తే తిరస్కరించే అధికారం నిబంధనల్లోనే ఉంది. పరిచయం ఎలా అయింది, పెళ్ళి ఎలా జరిగింది, ఎవరెవరు వచ్చారు, ఒకరి కుటుంబాన్ని ఒకరు కలిశారా అని ఫారంలో ఎన్నో ప్రశ్నలు ఉంటాయి. తల్లి పెళ్ళిలో సొంత కూతురు కనపడకపోతే ఎవరికైనా అనుమానం రాదా? మనం పరువు కోసం చేసిన పని అక్కడ పెళ్ళినే అనుమానించేలా చేస్తుంది. ఎదిగిన కూతురు తల్లి పక్కన నిలబడి నవ్వుతున్న ఒక్క ఫొటో, తల్లిని చేసుకున్నాయనా పాపా మాట్లాడుకున్న నాలుగు వాట్సాప్ మెసేజీలు ఉంటే దానికి మించిన సాక్ష్యం ఏం కావాలి? ఆ తర్వాత మా చెల్లెలి భర్త సెలవు మీద వచ్చినప్పుడు ముగ్గురూ మంగళగిరి వెళ్ళొచ్చారు. ఆ ఫొటోలు ఫైల్లో పెట్టాం.

ఇంకో ఒత్తిడి మరీ గట్టిది. "పిల్లకి ముందు పెళ్ళి చేసేయ్, నీ బాధ్యత తీరిపోతుంది, హాయిగా వెళ్ళు." సంబంధం కూడా చూశారు, నరసరావుపేట వైపు వాళ్ళు. పెళ్ళి చేస్తే ఆ క్షణం నుంచీ పాప డిపెండెంట్ కాదు. ఫైలు పెట్టాక చేసినా అంతే, పీఆర్ వచ్చేదాకా పెళ్ళి కాకుండా ఉండాలి. దాచిపెట్టి చేస్తే ఇందాక చెప్పిన తప్పుడు సమాచారం సంగతి ఉండనే ఉంది. చదువు మధ్యలో ఉన్న పిల్ల జీవితాన్ని తల్లి ప్రయాణం సులువు కావడానికి ముడిపెట్టడం అన్యాయం. మా చెల్లెలు ఆ సంబంధం గురించి ఒకటే మాట అంది: "అక్కా, నా పెళ్ళి కోసం దాని పెళ్ళి చేయను." ఇక ఎవరూ ఆ ఊసెత్తలేదు.

కాగితాల సంగతికొస్తే, పద్దెనిమిది దాటిన బిడ్డ తల్లి ఫారాల కింద ఒక వరుసలో పేరుగా సరిపోదు. తన గురించి తానే వేరే ఫారాలు నింపాలి, సంతకాలు తానే పెట్టాలి, పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ తన పేరున తేవాలి. పీసీసీకి పాస్‌పోర్టు సేవ ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. పాప హాస్టల్లో ఉంటుంది కాబట్టి విచారణకి ఎక్కడికి వస్తారోనని కాస్త టెన్షన్ పడ్డాం. ఇంటి చిరునామాయే ఇచ్చి ఆ వారం ఇంట్లో ఉంచుకున్నాం. పద్దెనిమిదేళ్ళ నుంచీ ఏ నెలలో ఏం చేస్తున్నదీ ఖాళీ లేకుండా రాయాలి. ఇంటర్ అయ్యాక పాప నీట్ లాంగ్ టర్మ్‌లో చేరి, పడక మధ్యలో ఇంటికొచ్చేసింది. ఆ నాలుగైదు నెలలు రాయడానికి దానికి సిగ్గేసింది. ఇంట్లో ఉన్నానని రాస్తే తప్పేం లేదు, ఖాళీగా వదిలేస్తేనే ప్రశ్నలొస్తాయి.

పేర్ల గొడవ మాత్రం మన తెలుగువాళ్ళ పాలిట పెద్ద తలనొప్పి. పాప టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉంది, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలోకి వెళ్ళింది. మా మరిది మరణ ధ్రువపత్రంలో ఆయన పేరుకి ఒక అక్షరం ఎక్కువ. మా చెల్లెలి పాత పాస్‌పోర్టులో భర్త పేరు అలాగే ఉంది. ఇవన్నీ ఒకే మనుషులని చెప్పే అఫిడవిట్లు నోటరీ చేయించాం. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం, దాంతో పాటు అనువాదకుడి ప్రమాణపత్రం ఉండాలి. ఇంట్లోవాళ్ళు చేసిన అనువాదం చెల్లదు. నేను కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను, అయినా ఒక్క పేజీ కూడా నేను చేయడానికి లేదు. ఇక మెడికల్స్‌కీ బయోమెట్రిక్స్‌కీ హైదరాబాద్ ప్రయాణం ఉండనే ఉంది. వాళ్ళు గుర్తించిన డాక్టర్ల దగ్గరే చేయించుకోవాలి. భార్యకీ ఆమె బిడ్డకీ ఐఈఎల్‌టీఎస్ స్కోరు అక్కర్లేదు. కోచింగ్‌లో చేర్పిస్తామన్నవాళ్ళకి వద్దని చెప్పండి.

మన జిల్లాల్లో అమెరికా రూల్సు అందరికీ నోటికి వచ్చు, వాటినే కెనడాకీ అంటగడతారు. అమెరికాలో సవతి తండ్రి పిటిషన్ వేయాలంటే పెళ్ళినాటికి బిడ్డకి పద్దెనిమిది నిండి ఉండకూడదు. ఆ రూలు విని మా బావగారు పాప పని అయిపోయిందన్నారు. ఇంకొకాయన పాపని చెల్లెలి కొత్త భర్తకి దత్తత ఇచ్చేయమన్నారు. మన హిందూ దత్తత చట్టం, 1956 ప్రకారం ప్రత్యేక ఆచారం ఉంటే తప్ప పదిహేనేళ్ళు నిండినవాళ్ళని దత్తత తీసుకోవడానికే వీల్లేదు. అసలు కెనడాకి ఆ అవసరమే లేదు. ఫైల్లో దరఖాస్తుదారు మా చెల్లెలు, పాప దాని బిడ్డగా వెళ్తుంది. తండ్రి పేరు దగ్గర కన్నతండ్రి పేరే ఉంటుంది, ఇంటిపేరూ మారదు. ఈ సంగతి తెలిశాకే మా మరిది వాళ్ళ అమ్మగారు శాంతించారు. కొడుకు పేరు మనవరాలి నుంచి తుడిచేస్తారని ఆవిడ బెంగ పెట్టుకుంది. ఆ బెంగలో న్యాయముంది.

"కొత్త భర్త మీద ఎదిగిన పిల్ల భారమా" అన్నవాళ్ళకి కూడా లెక్క చెప్పాలి. స్పాన్సర్ చేసే భర్త ఒక హామీ పత్రం మీద సంతకం పెడతాడు. భార్యకి మూడేళ్ళు. పీఆర్ వచ్చేనాటికి ఇరవై రెండు దాటని బిడ్డకైతే పదేళ్ళు లేదా ఇరవై అయిదో ఏడు నిండేదాకా, ఏది ముందైతే అది. ఇరవై రెండు దాటితే మూడేళ్ళు. క్యూబెక్ లెక్కలు వేరు. ఆ కాలంలో వాళ్ళ కనీస అవసరాలు ఆయన చూసుకోవాలి, వాళ్ళు ప్రభుత్వ సహాయభత్యం తీసుకుంటే ఆయన తిరిగి కట్టాలి. మామూలుగా దీనికి కనీస ఆదాయం ఇంత ఉండాలన్న షరతు లేదు. ఆయన ఫోన్లో పాపతోనే ఈ విషయం మాట్లాడారు. "నాన్నా అని పిలవక్కర్లేదమ్మా, అంకుల్ అనే పిలువు. సంతకం మాత్రం నేను పెడతాను" అన్నారట.

ఇన్ని మాటల్లో చాలాకాలం ఎవరూ అడగనిది పాపనే. వెళ్తావా, ఉంటావా అని. ఎదిగిన పిల్ల పేరు రాయాలని ఇంతసేపు వాదించాను కాబట్టి ఇదీ చెప్పాలి: సంతకం పెట్టాల్సింది అది, అక్కడ బతకాల్సింది అది. అడిగితే, "డిగ్రీ వదిలేసి రాను పెద్దమ్మా" అంది. వదలక్కర్లేదు కూడా. పీఆర్ వీసా వచ్చాక తల్లితో పాటో, తల్లి తర్వాతో ఇచ్చిన గడువులోగా ఒకసారి అక్కడ అడుగుపెట్టాలి, తల్లి కంటే ముందు వెళ్ళకూడదు. ఆ తర్వాత పీఆర్ నిలబడాలంటే అయిదేళ్ళలో 730 రోజులు కెనడాలో ఉంటే చాలు. సెలవుల్లో ల్యాండ్ అయ్యి తిరిగొచ్చి, ఫైనల్ ఇయర్ పరీక్షలు ఇక్కడే రాసుకుని వెళ్ళవచ్చు. ఇది విన్నాక పాప తన ఫారాలు తానే కూర్చుని నింపుకుంది, మా ఇద్దరివీ రెండు తప్పులు పట్టింది. పుట్టినరోజు ఇంకా చాలా దూరం ఉండగానే దరఖాస్తు వెళ్ళింది, అందినట్టు కబురూ వచ్చింది. ఫైలు ఇంకా నడుస్తోంది.

చట్టం మీద కూడా నాకు గట్టి అభ్యంతరం ఉంది. 2014 ఆగస్టు వరకు ఇరవై రెండు దాటినా, ఆపకుండా పూర్తికాలం చదువుతూ తల్లిదండ్రుల డబ్బు మీదే ఉన్న బిడ్డ డిపెండెంటే. ఆ నెలలో వయసుని పంతొమ్మిది లోపుకి దించేశారు, చదువు మినహాయింపూ తీసేశారు. 2017 అక్టోబరు 24 నుంచి వయసుని మళ్ళీ ఇరవై రెండు చేశారు. చదువు మినహాయింపు మాత్రం తిరిగి ఇవ్వలేదు. దాంతో ఇరవై ఒక్కేళ్ళకే ఉద్యోగం చేసుకుంటూ జీతం ఇంటికి పంపే కుర్రాడు ఆ చట్టం దృష్టిలో డిపెండెంట్ అవుతాడు. ఇరవై మూడేళ్ళ వయసులో ఎంటెక్ చదువుతూ మెస్సు బిల్లుకి అమ్మ ముందు చెయ్యి చాచేవాడు కాడు. ఆధారపడటాన్ని పుట్టిన తేదీతో కొలిస్తే ఇలాగే ఉంటుంది. ఆస్ట్రేలియా గీత ఇరవై మూడు దగ్గర గీసింది, అయినా అక్కడ నిజంగా ఆధారపడి ఉన్నారా అన్నది కూడా చూస్తారు. కెనడా ఆ పాత చదువు నిబంధనని తిరిగి తేవాలి. ఫీజు రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు చూసి తేల్చడం పెద్ద కష్టమేం కాదు, 2014 దాకా చేసిన పనే.

మా వీధికి రెండు వీధుల అవతల ఇంకో తల్లి ఉంది. విడాకులైన మనిషి, కెనడాలోని బ్రాంప్టన్‌లో ఉన్నాయనతో ఈ మధ్యే పెళ్ళి రిజిస్టర్ అయింది. ఆమె కొడుకు ఎంటెక్. పాప ఫైలు సంగతి విని ఆశగా వచ్చి అడిగింది. అతనికి మొన్న శ్రావణంలో ఇరవై మూడు నిండాయి. ఫారంలో అతని పేరు ఎలాగూ రాయాలి, రాయమనే చెప్పాను. వెంట తీసుకెళ్ళడానికి మాత్రం ఆ పేరు పనికిరాదు. వెళ్ళాలంటే స్టడీ పర్మిట్ మీద, విదేశీ విద్యార్థుల ఫీజు కట్టుకుని తనంతట తాను వెళ్ళాలి. ఆ ఫీజు ఎంతవుతుందో అడిగింది, చెప్పాను. పెళ్ళి తర్వాత ఇంకా ఇక్కడే ఉద్యోగం చేస్తోంది, వాడి చదువు అయ్యేదాకా వెళ్ళనంటోంది.